ఉమ్మి, తవుడు, కల్లు లొట్టి: ఎంజైమ్ పనిని ఇంట్లోనే పట్టి చూసే పద్ధతి

ఇంటర్ జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఏటా నాకు తగిలే వాక్యం ఒకటుంది: "ఎక్కువ వేడికి ఎంజైమ్‌లు చనిపోతాయి." అక్కడికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ఎంజైమ్ ఎప్పుడు బతికుందని, చావడానికి? అది ప్రోటీన్ దారం. దారం మడతలు పడి ఒక ఆకారానికి వస్తుంది, ఆ ఆకారమే దాని పనిముట్టు. వేడి తగిలినా, పులుపు తగిలినా, పురుగుమందు తగిలినా మనం అడగాల్సింది ఒక్కటే: ఆకారం చెడిందా, ఆకారం బాగానే ఉండి పని మాత్రం ఆగిందా? ఈ ప్రశ్న పట్టుకుంటే ఎంజైమ్‌ల పాఠంలో ముప్పావు భాగం బట్టీ పట్టే పనిలేదు.

ఎంజైమ్‌కు ప్రాణం అక్కర్లేదని తేలింది 1897లో. జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో కలిపి నూరి, కణాలన్నీ పగిలాక రసం పిండి, అందులో చక్కెర వేశాడు. బతికున్న ఈస్ట్ కణం ఒక్కటీ లేకపోయినా చక్కెర పులిసి ఆల్కహాల్ అయింది. ఈ పనికి 1907లో ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మనం కింద చేయబోయేదీ ఇలాంటిదే. మన రసం ఈస్ట్‌ది కాదు, నోట్లో ఊరేది.

ముందు ఒక బొమ్మ మనసులో పెట్టుకోండి

పై మడిలో నీళ్లు నిలిచి ఉన్నాయి, కింది మడి పల్లంలో ఉంది. నీళ్లు కిందికే పోవాలి, కానీ మధ్యలో ఒరం (గట్టు) అడ్డం. ఒరం ఎత్తు దాటేదాకా చుక్క కదలదు. రసాయన చర్యలకూ ఇలాంటి ఒరం ఉంటుంది, దాన్నే ఉత్తేజన శక్తి అంటారు. ఎంజైమ్ ఆ ఒరాన్ని ఒకచోట తగ్గిస్తుంది. కింది మడి నీళ్లను పైకి ఎక్కించడం దాని చేతిలో లేదు. ఎటు పోవాలన్నది పల్లం చెబుతుంది, ఎంత తొందరగా పోవాలన్నది ఎంజైమ్ చెబుతుంది. పని అయ్యాక తాను మారకుండా తర్వాతి అణువు కోసం సిద్ధంగా ఉంటుంది. మన రక్తంలోనూ ఆలుగడ్డలోనూ ఉండే కెటలేజ్ అణువు ఒక్కటి సెకనులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువులను లక్షలు దాటి కోట్ల దాకా విరగ్గొట్టగలదు.

ఒరం తగ్గే ఆ చోటు పేరు యాక్టివ్ సైట్. ఎంజైమ్ ఒంటిమీద అదొక చిన్న గుంట. పని జరగాల్సిన పదార్థం, అంటే సబ్‌స్ట్రేట్, ఆ గుంటలో కూర్చోవాలి. ఎమిల్ ఫిషర్ 1894లో దీన్ని తాళం, తాళంచెవి అన్నాడు. 1958లో కోష్లాండ్ దాన్ని సవరించాడు: గుంట రాయిలా గట్టిగా ఉండదు, సబ్‌స్ట్రేట్ వచ్చి కూర్చునేటప్పుడు కొంచెం సర్దుకుంటుంది. నా వరకు తోలు చెప్పు పోలిక బాగుంటుంది. అది కాలు పెట్టాక కాలికి తగ్గట్టు అవుతుంది, కానీ ఎవరి చెప్పు వారిదే. ఉమ్మిలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని కోస్తుంది, పక్కనే నూలుబట్ట ఉన్నా ముట్టదు. రెండూ గ్లూకోజ్ గొలుసులే అయినా లంకె వేరు, అందుకే గుంటలో పట్టదు.

మొదటి పని: లెక్కకు ఒక ఆధారం

కావాల్సినవి: బియ్యప్పిండి లేదా మొక్కజొన్న పిండి, మెడికల్ షాపులో దొరికే టించర్ అయోడిన్ (లేకపోతే బెటాడిన్ ద్రవం), తెల్ల పింగాణీ పళ్లెం, నాలుగైదు చిన్న గ్లాసులు, గడియారం.

ఒక చెంచా పిండిని కొద్దిగా చన్నీళ్లలో కలిపి, గ్లాసుడు మరిగే నీళ్లలో పోసి ఉడికించి పలచని గంజి చేయండి. పూర్తిగా చల్లార్చండి. ఇక్కడ తొందరపడితే మొదటి దెబ్బ తగులుతుంది: పిండి ఉంటే అయోడిన్ ముదురు నీలం అవుతుంది, కానీ వేడి గంజిలో ఆ రంగు రాదు. చల్లారాకే వస్తుంది. మా పిల్లలు పొగలు కక్కే గంజిలో అయోడిన్ వేసి "సార్, పిండి అంతా అరిగిపోయింది" అని అరిచిన రోజులున్నాయి.

నోరు పుక్కిలించి, రెండు చెంచాల మంచినీళ్లు నోట్లో పోసుకుని నిమిషంసేపు నమిలినట్టు చేసి గ్లాసులో ఉమ్మండి. అదే మీ ఎంజైమ్ ద్రావణం. పళ్లెంలో వరుసగా పది చోట్ల అయోడిన్ చుక్కలు పెట్టుకోండి. గంజి నాలుగు చెంచాలు, ఉమ్మి ద్రావణం ఒక చెంచా కలిపి గడియారం చూడండి. నిమిషానికోసారి ఒక్కో చుక్క తీసి వరుసగా అయోడిన్ మీద వేయండి. మొదట ముదురు నీలం, తర్వాత ఊదా, తర్వాత ఇటుక రంగు, చివరికి అయోడిన్ సొంత పసుపు మాత్రమే మిగులుతుంది. ఆ పసుపు వచ్చిన నిమిషమే మీ కొలత. నిమిషంలోపే వచ్చేస్తే ఉమ్మిని ఇంకా పలచన చేయండి. పది నిమిషాలైనా రాకపోతే కొంచెం ఎక్కువ పోయండి. మూడు నాలుగు నిమిషాల్లో వచ్చేలా సర్దుకుంటే ఆ తర్వాత పెరిగినా తగ్గినా కంటికి తెలుస్తుంది.

పక్కన ఇంకో గ్లాసు తప్పక పెట్టండి: అదే గంజి, ఉమ్మికి బదులు ఉత్త నీళ్లు. అది చివరిదాకా నీలంగానే ఉండాలి. లేకపోతే మీరు చూస్తున్నది ఎంజైమ్ పని కాదు. ఇక నుంచి ఒకసారికి ఒక్కదాన్నే మార్చండి. వేడి మార్చేరోజు పులుపు ముట్టవద్దు.

వేడి: రెండు వైపులా ఒకటి కాదు

మూడు జతలు తయారుచేయండి. ఒక జతలో గంజినీ ఉమ్మినీ విడివిడిగా మంచు నీళ్లలో ఉంచి చల్లబరిచి, తర్వాత కలపండి. రెండో జతను పసిపిల్లకు స్నానం పోసే నీళ్లంత వెచ్చగా, మోచేతి మీద పోస్తే వేడీ చల్లా తెలియనంతగా ఉంచండి. అది దాదాపు 37 డిగ్రీలు. నల్లగొండలో మే నెలలో చేస్తే ఆ నీళ్ల కోసం పొయ్యి వెలిగించే పనిలేదు, ట్యాంకు నీళ్లు ఇంకా చల్లార్చుకోవాల్సి వస్తుంది. మూడో జతకు ఉమ్మిని చిన్న గిన్నెలో పోసి, మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, చల్లార్చి అప్పుడు గంజిలో కలపండి.

మంచు గ్లాసు చాలాసేపు నీలంగా ఉంటుంది. మరిగించిన గ్లాసు కూడా నీలంగానే ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే, చాలామంది ఇక్కడితో ప్రయోగం ఆపేస్తారు. ఆపకండి. రెంటినీ వెచ్చటి నీళ్లలో పెట్టి మళ్లీ చుక్కలు వేయండి. మంచులోంచి తీసింది మెల్లగా పని మొదలుపెడుతుంది, మరిగించింది కదలదు. చల్లదనం అణువుల పరుగు తగ్గించింది, గుంటలోకి వచ్చేవి తక్కువయ్యాయి, ఆకారానికి ఏమీ కాలేదు. మరిగించినప్పుడు మడతల్ని పట్టి ఉంచే సన్నటి బంధాలు తెగి దారం చిక్కుపడింది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికాక మళ్లీ పారదర్శకం కానట్టే.

ఈ రెండింటి మధ్య మామూలు లెక్క ఏమిటంటే, పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. కానీ ఒక హద్దు దాటాక ఆకారం చెడటం మొదలై గీత ఒక్కసారిగా పడిపోతుంది. ఈ హద్దు అందరికీ ఒకటి కాదు. అమెరికాలో యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో దొరికిన థెర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్ 72 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి చూసే పీసీఆర్ పరీక్షలు నడిచేది దానిమీదే.

దీన్ని డబ్బు రూపంలో చూడాలంటే రైస్ మిల్లుల ఊరు మిర్యాలగూడ పోవాలి. పచ్చి బియ్యం ఆడేటప్పుడు మిషన్ నుంచి దిగిన తవుడు గుప్పెట పట్టి పిసకండి: గోరువెచ్చగా, కమ్మటి వాసనతో, అరచేతికి జిడ్డు అంటుతుంది. అదే తవుడు సంచిలో నాలుగు రోజులుంటే ముక్కు తిప్పుకునే ఘాటు. వడ్లగింజలో నూనె ఒక పొరలో ఉంటుంది, నూనెను కోసే లైపేజ్ ఎంజైమ్ పక్క పొరలో ఉంటుంది. గింజ గింజగా ఉన్నన్నాళ్లూ వీటికి పరిచయం లేదు. మిల్లు రెంటినీ కలిపి రుద్దేస్తుంది. గంటల్లోనే లైపేజ్ నూనెను కొవ్వు ఆమ్లాలుగా కోయడం మొదలెడుతుంది, నూనె తీసేవాళ్లు ధర తగ్గించేది ఆ ఆమ్లాన్ని కొలిచే. బాయిల్డ్ రైస్ తవుడుకు ఈ తిప్పలు చాలా తక్కువ. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడే, ఇంకా గింజలో ఉండగానే, లైపేజ్ ఆకారం చెడిపోయింది. మిల్లులో కలిసినా కోసేవాడు లేడు.

ఇంట్లో చూడాలంటే తాజా పచ్చి తవుడు రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఇడ్లీ పాత్రలో పది పదిహేను నిమిషాలు ఆవిరి పట్టి ఎండబెట్టండి. రెంటినీ డబ్బాల్లో పెట్టి అయిదో రోజు మూత తీసి వాసన చూడండి. ఉత్త పెనం మీద వేయించడం కంటే ఆవిరి ఎందుకు మేలంటే, తేమ ఉన్నప్పుడు ప్రోటీన్ మడత తొందరగా విడిపోతుంది. పొడిగా ఉన్న ఎంజైమ్ వేడికి మొండిగా తట్టుకుంటుంది.

అన్నిటికీ వేడి మందు కాదు. మన బాలానగర్ సీతాఫలం గుజ్జు గాలి తగిలి నల్లబడేది పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్లే. కానీ దాన్ని ఆపాలని వేడిచేస్తే గుజ్జు చేదు తిరుగుతుంది. అందుకని గడ్డకట్టించి ఉంచుతారు, అంటే ఆకారం జోలికి పోకుండా పరుగు మాత్రం ఆపుతారు. కరిగించి పెట్టి మరిచిపోతే మళ్లీ నల్లబడుతుంది. వంకాయ ముక్కలు కోసి ఉప్పునీళ్లలో వేసే మన అలవాటు కూడా ఈ ఎంజైమ్ మీద యుద్ధమే.

పులుపు, సున్నం

ఎంజైమ్ గుంటలో కొన్ని అమైనో ఆమ్లాలకు ధన ఆవేశం, కొన్నింటికి రుణ ఆవేశం ఉంటాయి. వాటితోనే సబ్‌స్ట్రేట్‌ను పట్టుకుంటుంది. పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) కొంచెం మారితే ఆవేశాలు మారి పట్టు తప్పుతుంది, సరిచేస్తే తిరిగి వస్తుంది. బాగా మారితే మడతలే విడిపోతాయి. అమైలేజ్‌కు 6.8 చుట్టుపక్కల ఇష్టం, కడుపులోని పెప్సిన్‌కు 2, చిన్నపేగులో పనిచేసే ట్రిప్సిన్‌కు 8 దగ్గర. నోట్లో మొదలైన పిండి కోత కడుపులో ఆమ్లం తగలగానే ఆగేది అందుకే.

ఈ ప్రయోగంలో రెండు గోతులున్నాయి, చాలా యూట్యూబ్ వీడియోలు రెంటిలోనూ పడతాయి. మొదటిది నిమ్మకాయ. నల్లగొండ ఇళ్లలో నిమ్మకూ బత్తాయికీ కరువు లేదు కాబట్టి చెయ్యి ముందు అటే పోతుంది. కానీ వాటిలోని సి విటమిన్ అయోడిన్ రంగును తానే మింగేస్తుంది. ఎంజైమ్ ఆగిపోయి పిండి అలాగే ఉన్నా మీకు రంగు రాదు, "పులుపులో బాగా పనిచేసింది" అని తలకిందుల ఫలితం రాసుకుంటారు. రెండోది బట్టల సోడా. క్షారంలోనూ అయోడిన్ రంగు పోతుంది. నమ్మకం లేకపోతే ఉత్త నిమ్మరసంలో ఒక చుక్క, ఉత్త సోడానీళ్లలో ఒక చుక్క అయోడిన్ వేసి చూడండి.

అందుకని పులుపుకు తెల్ల వెనిగర్ వాడండి. నాలుగు చెంచాల గంజిలో అర చెంచా వెనిగర్, తర్వాత ఉమ్మి. పది నిమిషాలు గడిచినా నీలమే కనిపిస్తుంది. ఇప్పుడు తినే సోడా చిటికెడు చిటికెడుగా, బుస ఆగేదాకా మాత్రం వేసి మళ్లీ చుక్కలు చూడండి. రంగు తగ్గడం మొదలైతే పట్టు తప్పిందే గాని మడత నిలిచింది. ఎంతసేపైనా తగ్గకపోతే మడతే పోయింది. వెనిగర్‌లో రెండు నిమిషాలు ఉంచినదాన్నీ అరగంట ఉంచినదాన్నీ పోల్చండి.

సున్నం సంగతి గీత కార్మికులకు మనకంటే ముందే తెలుసు. తెల్లవారుజామున దించిన ఈతకల్లు తియ్యగా ఉండి ఎండెక్కేకొద్దీ పులిసిపోతుంది. రసంలోని చక్కెరను ఈస్ట్ తన ఇన్వర్టేజ్‌తో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా కోసి, ఆపైన మిగతా ఎంజైమ్‌ల వరుసతో ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. లొట్టిలో బుసబుసమనే నురుగు ఆ వాయువే. ఇన్వర్టేజ్‌కు పీహెచ్ 4.5 ప్రాంతం నచ్చుతుంది, కల్లు పులుపు దానికి అనుకూలం. నీరా కావాలనుకున్నవారు లొట్టి లోపల సున్నం పూసి కడతారు. సున్నపు నీటి పీహెచ్ 12 దాకా పోతుంది. అందులో ఈస్టూ పెరగదు, ఎంజైమూ పనిచేయదు, రసం తీపిగానే దిగుతుంది.

ఎంత పోస్తే ఎంత: కాంటా లెక్క

వడ్ల కొనుగోలు కేంద్రంలో ఒకటే కాంటా ఉందనుకోండి. రెండు ట్రాక్టర్లు వస్తే కాంటా మధ్యమధ్యలో ఖాళీగా ఉంటుంది. పది వస్తే హమాలీలకు ఊపిరాడదు. యాభై వచ్చి రోడ్డుదాకా బారులు తీరినా గంటకు తూగే బస్తాలు పెరగవు. సబ్‌స్ట్రేట్ పెంచుతూ పోతే ఎంజైమ్ వేగం మొదట జోరుగా పెరిగి, తర్వాత మందగించి, ఒకచోట నిలిచిపోయేది ఇందుకే. ఆ పైహద్దును విమాక్స్ అంటారు, అందులో సగం వేగం రావడానికి కావాల్సిన సబ్‌స్ట్రేట్ గాఢతను కేఎం అంటారు. 1913లో లియోనర్ మైఖేలిస్, మాడ్ మెంటెన్ రాసిన సూత్రం ఇది. ఇంకో కాంటా తెస్తే, అంటే ఎంజైమ్ పెంచితే, హద్దు పెరుగుతుంది.

చేతితో చూడటానికి పచ్చి ఆలుగడ్డ తురుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. సీసా మీద ఎంత శాతమో చదవండి. 6 శాతమైతే సమానంగా నీళ్లు కలిపి 3 చేసుకోండి. కళ్లలో పడకుండా, కలిపిన మిశ్రమానికి మూత బిగించకుండా చూసుకోండి, లోపల ఆక్సిజన్ పుడుతుంది. ఒక్కో గ్లాసులో రెండు చెంచాల పెరాక్సైడ్, చుక్క అంట్లు తోమే ద్రవం. ఒకదాంట్లో అర చెంచా, ఇంకోదాంట్లో చెంచా, మూడోదాంట్లో రెండు చెంచాల తురుము వేసి నిమిషం తర్వాత నురుగు ఎత్తు స్కేలుతో కొలవండి. నిప్పు మిగిలిన అగరుబత్తి నురుగులో పెడితే భగ్గున ఎర్రబడుతుంది. మేక కార్జం ముక్క దొరికితే ఆలుగడ్డ సిగ్గుపడేంత నురుగు. ఉడికించిన ముక్కకు ఏమీ రాదు. పెరాక్సైడ్‌ను పెంచుతూ కాంటా గీత తేవాలని మాత్రం ప్రయత్నించకండి, మరీ ఎక్కువైతే అది కెటలేజ్‌నే పాడుచేస్తుంది, గీత పుస్తకంలో బొమ్మలా రాదు.

అడ్డుపడేవి

కాంటా మీద ఎవరైనా తాలు బస్తాలు తెచ్చి పెడితే చోటు నిండుతుంది, అసలు వడ్లు ఆగుతాయి. వడ్ల బస్తాలు బాగా ఎక్కువైతే తాలుకు చోటు దొరకడం తగ్గుతుంది. ఇది పోటీ నిరోధకం: సబ్‌స్ట్రేట్ పోలికలతో వచ్చి గుంటలో కూర్చుంటుంది. కాంటా కాలు వంగిపోతే ఎన్ని బస్తాలు తెచ్చినా లాభం లేదు. గుంటలో కాక వేరేచోట అంటుకుని ఆకారాన్ని వంకర చేసే నిరోధకాలు ఇలాంటివి.

మూడో రకం కూర్చుని లేవదు. పత్తి చేలల్లో కొట్టే క్లోరిపైరిఫాస్, ఒకప్పుడు విరివిగా కొట్టిన మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల దగ్గరి ఎసిటైల్‌కోలినెస్టరేజ్ గుంటలో అతుక్కుపోతాయి. నరం పంపిన సందేశాన్ని తుడిచేసే ఎంజైమ్ అది. తుడవడం ఆగితే చొల్లు, చెమట, నోట నురగ, సూదిమొనంత కంటిపాపలు, ఊపిరి అందకపోవడం. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఎంజైమ్‌ను విడిపించదు, పేరుకున్న సందేశం తగలకుండా అడ్డుపడుతుంది. గుంటను ఖాళీ చేయగలిగేది ప్రాలిడాక్సిమ్, అదీ అతుకు గట్టిపడకముందే. అందుకే గంటలు లెక్క. మందు కొట్టినవారికి ఇవి కనిపిస్తే బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కు ఫోన్ చేయండి.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో బాధలు పడ్డ నల్లగొండలో నిరోధకం అనగానే పిల్లలు అడిగేది దాని గురించే. షుగర్ పరీక్షకు రక్తం తీసే బూడిదరంగు మూత గొట్టంలో ఉండేది సోడియం ఫ్లోరైడే. రక్తకణాలు గొట్టంలోనూ గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, ఫ్లోరైడ్ వాటిలోని ఎనోలేజ్ అనే ఎంజైమ్‌కు కావాల్సిన మెగ్నీషియాన్ని కట్టిపడేస్తుంది. చిత్రమేమంటే మొదటి గంటా గంటన్నర గ్లూకోజ్ ఇంకా కొంత తగ్గుతుంది. గ్లూకోజ్‌ను విరిచే ఎంజైమ్‌ల వరుసలో ఎనోలేజ్ చివరి వైపు ఉంది, వెనక దారి నిండి నిలిచేదాకా ముందున్నవి పనిచేస్తూనే ఉంటాయి. అయితే ఆ గొట్టంలో మిల్లీలీటరుకు రెండు మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. వెయ్యి రెట్ల తేడా. బోరు నీళ్లతో మన పెద్దవాళ్ల నడుములు వంగింది ఎనోలేజ్ ఆగి కాదు, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎముకలో చేరడం వల్ల. రెంటినీ ఒకే జవాబులో కలిపి రాయకండి.

ఎనోలేజ్‌కు మెగ్నీషియం ఎలాగో, అమైలేజ్‌కు కాల్షియం, క్లోరైడ్ అలాగ. వీటిని కోఫ్యాక్టర్లు అంటారు. గంజిలో చిటికెడు ఉప్పు వేసి, వేయకుండా చేసి నిమిషాలు పోల్చండి. తేడా కనబడకపోతే కంగారు వద్దు, ఉమ్మిలోనే క్లోరైడ్ ఉంది.

ఇక మరిగిస్తే తిరిగి రాదన్న మాటకు ఒక మినహాయింపు. ఆర్ఎన్ఏ గొలుసును కోసే రైబోన్యూక్లియేజ్ అనే చిన్న ఎంజైమ్ మడతలను క్రిస్టియన్ అన్‌ఫిన్‌సెన్ రసాయనాలతో పూర్తిగా విప్పేసి, ఆ రసాయనాలను తీసేస్తే దారం దానంతట అదే పాత ఆకారానికి ముడుచుకుని మళ్లీ పనిచేసింది. 1972 కెమిస్ట్రీ నోబెల్‌లో ఆయన వాటా ఇందుకే. మరిగించినా అది సులభంగా లొంగదు. ఆర్ఎన్ఏ మీద పనిచేసే ల్యాబుల్లో ఇదే తలనొప్పి: మన చేతి చెమటలో ఇలాంటి ఎంజైమ్‌లుంటాయి, పరికరాలు ఉడికించినంత మాత్రాన పోవు, అందుకే అక్కడ గ్లౌజు లేకుండా గొట్టం ముట్టనివ్వరు.